శ్రీశైలం నీళ్ళను మళ్ళీ పైకి తోడటం ఏం లెక్క?

మాచర్ల_మిర్చి
ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను చదివింది బీకాం, కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్పండి.

నిన్న మా బావమరిదితో కలిసి శ్రీశైలం వెళ్ళొచ్చాం. దర్శనం అయ్యాక పాతాళగంగకు రోప్‌వేలో దిగుతుంటే పక్కనున్న పెద్దాయన ఒకరు మాట కలిపారు. ఎడమగట్టు పవర్‌హౌస్‌లో పగలు నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీస్తారట, రాత్రిపూట అదే మిషన్‌ను వెనక్కి తిప్పి ఆ నీళ్ళనే మళ్ళీ డ్యాంలోకి తోడతారట. తోడటానికి కరెంటు ఎక్కడిది అంటే గ్రిడ్డు నుంచే అన్నారు.

మా బావమరిది ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. "పైకి తోడటానికి నాలుగు రూపాయలు ఖర్చుపెట్టి, కిందికి వదిలి మూడు రూపాయలు సంపాదించే వ్యాపారం గవర్నమెంటే చెయ్యాలి" అంటాడు. నేను మాత్రం పెద్దాయన ఊరికే చెప్పి ఉండడు, ఇందులో ఏదో కిటుకు ఉంటుందని అన్నాను. ఓడినవాడు మటన్ పలావు పెట్టించాలని పందెం. ఎవరైనా తేల్చండి.

వడ్డించిన_విస్తరి
ఆదివారం రాత్రి 9:20

నెయ్యి అమ్మి పాలు కొని, ఆ పాలు కాచి మళ్ళీ నెయ్యి తీసినట్టుంది. మీ బావమరిది వైపే నా ఓటు. పలావులో నాకూ వాటా ఉండాలి.

లెక్కల_మాస్టారు
ఆదివారం రాత్రి 9:47

పెద్దాయన చెప్పింది నిజమే. ఎడమగట్టున కొండ లోపల 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, మొత్తం 900. వాటిని రివర్సిబుల్ టర్బైన్లు అంటారు. ఒకవైపు తిరిగితే టర్బైను, రెండోవైపు తిప్పితే పంపు. కుడిగట్టున ఉన్న ఏడు యూనిట్లు (ఒక్కోటి 110 మెగావాట్లు) నీళ్ళు వదలడమే తప్ప తోడలేవు.

మరి కింద నీళ్ళు ఎక్కడుంటాయంటే, సాగర్ జలాశయమే కింది చెరువు. అది నిండితే వెనుక జలాలు శ్రీశైలం పాదాల దాకా వస్తాయి. సాగర్‌లో కూడా ప్రధాన పవర్‌హౌస్‌లోని ఎనిమిదింటిలో ఏడు ఇలాంటి మిషన్లే. అక్కడ వదిలిన నీళ్ళు దిగువకు పోకుండా ఆపడానికే సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు.

మీ బావమరిది చెప్పిన నిష్పత్తి కూడా దాదాపు సరైందే. నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చుపెట్టి తోడితే తిరిగి వచ్చేది మూడుకు కాస్త అటూ ఇటూ. కరెంటును లాభంగా పుట్టించే పద్ధతి కాదిది. దాచుకునే పద్ధతి.

లెక్క చెప్తాను. వంద మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడుతున్నాయనుకుందాం. వెయ్యి లీటర్లకు 0.27 యూనిట్ల శక్తి ఉంటుంది. టర్బైను, జనరేటరు దాంట్లో పదో వంతు తినేస్తాయి. అంటే ఒక్క యూనిట్ కరెంటుకు నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు కావాలి. ఈ లెక్కన ఒక టీఎంసీ నీళ్ళకు 70 లక్షల యూనిట్లకు కొంచెం తక్కువ వస్తాయి.

వడ్డించిన_విస్తరి
ఆదివారం రాత్రి 9:55

మాస్టారూ, మా డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. కిందికి దిగే పైపులో చిన్న టర్బైను పెడితే మా ఇంటికి కరెంటు బిల్లు తప్పుతుందా? యూట్యూబ్‌లో ఒకాయన బల్బు వెలిగించి చూపించాడు.

లెక్కల_మాస్టారు
ఆదివారం రాత్రి 10:08

డాబా పది మీటర్లు అనుకున్నా, వెయ్యి లీటర్లకు 0.027 యూనిట్లు. ఏమీ పోకుండా వంద శాతం పట్టుకున్నా సరే, ఒక్క యూనిట్ రావాలంటే 37 ట్యాంకులు ఖాళీ చెయ్యాలి. ఒక్కసారి ట్యాంకు నింపడానికి మీ హార్స్‌పవర్ మోటారు ఇరవై నిమిషాలు తిరిగితే పావు యూనిట్ తింటుంది. అంటే 37 సార్లకు తొమ్మిది యూనిట్లు పైనే పెట్టి ఒకటి తీస్తారు. బల్బు వెలుగుతుంది, కాదనను. బిల్లు కూడా వెలిగిపోతుంది.

నీళ్ళ బలమంతా ఎత్తులోనూ పరిమాణంలోనూ ఉంది. అందుకే సీలేరు, మాచ్‌ఖండ్ లాంటి చోట్లు వెతుక్కుంటూ కొండల్లోకి వెళ్ళారు మనవాళ్ళు.

మాచర్ల_మిర్చి
ఆదివారం రాత్రి 10:15

అర్థమైంది మాస్టారూ. కానీ నా డౌటు అలాగే ఉంది. నాలుగు పెట్టి మూడు తీసుకోవడం ఎందుకు? ఆ నాలుగు యూనిట్లే జనానికి ఇచ్చేయొచ్చు కదా?

పాత_బాయిలర్
ఆదివారం రాత్రి 11:31

ఈ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 32 ఏళ్ళు థర్మల్ స్టేషన్లలో ఆపరేషన్ చేసి రిటైరయ్యాను.

ఆ నాలుగు యూనిట్లు జనానికి అక్కర్లేనప్పుడు తోడతారు బాబూ. అదీ సంగతి.

కరెంటు పెనం మీద దోశ లాంటిది. ఎవరో తింటుంటేనే పొయ్యాలి. ముందే పోసి గంపకెత్తి పెట్టడానికి లేదు. దేశం మొత్తం ఈ క్షణాన ఎన్ని మెగావాట్లు వాడుతోందో సరిగ్గా అన్నే ఈ క్షణాన పుట్టాలి. వాడకం ఎక్కువైతే మిషన్లన్నీ రవ్వంత నెమ్మదిస్తాయి, తక్కువైతే రవ్వంత వేగం అందుకుంటాయి. అదే ఫ్రీక్వెన్సీ. మనది 50 హెర్ట్జ్. ఇప్పుడు 49.90 నుంచి 50.05 మధ్య పట్టి ఉంచాలని నిబంధన. మా రోజుల్లో 48 కూడా చూశాం, 51 దాటడమూ చూశాం.

తొంభైలలో ఒక రాత్రి చెప్తాను. 210 మెగావాట్ల యూనిట్, నాది నైట్ షిఫ్టు. కంట్రోల్ రూముకి కిటికీలు ఉండవు. బయట ఎండో వానో మాకు తెలియదు. రెండు గంటలప్పుడు ఫ్రీక్వెన్సీ మీటరు ముల్లు పైకి పాకడం మొదలెట్టింది. 50.3, 50.6, 51. మా సీనియర్ టీ తాగుతూ "సీమలో వాన పడిందిరా" అన్నాడు. ఎక్కడో వాన పడితే రైతులు మోటార్లు ఆపేస్తారు. వేల మోటార్లు ఒకేసారి ఆగితే ఆ కరెంటు తినేవాడు లేక మా మిషన్లు పరుగందుకుంటాయి. వెంటనే లోడ్ డిస్పాచ్ (ఎవరెంత కరెంటు పుట్టించాలో చెప్పే కంట్రోల్ కేంద్రం) నుంచి ఫోను: లోడు తగ్గించండి.

తగ్గించడం అంటే స్విచ్చు కాదు. బాయిలర్లో బొగ్గు పొడి గాలిలో తేలుతూ మండుతుంటుంది. మిల్లులు ఒక్కోటీ ఆపుకుంటూ రావాలి. మరీ తగ్గిస్తే మంట నిలబడదు, ఆయిల్ గన్లు పెట్టి నిలబెట్టాలి. ఆ ఆయిల్ ధర తలుచుకుంటే మా పెద్దసారుకి బీపీ. పోనీ పూర్తిగా ఆపేద్దామా అంటే, 540 డిగ్రీల ఆవిరితో నిమిషానికి 3000 చుట్లు తిరిగిన షాఫ్టును ఊరికే ఆపితే తన బరువుకు తానే వంగిపోతుంది. అందుకని బార్రింగ్ గేర్ వేసి, చల్లారేదాకా గంటల తరబడి మెల్లగా తిప్పుతూనే ఉండాలి. పూర్తిగా చల్లారిన యూనిట్‌ను మళ్ళీ లైటప్ చేసి (మంట వెలిగించి) సింక్రనైజ్ చెయ్యాలంటే (గ్రిడ్డు లయకు కలపాలంటే) ఎనిమిది పది గంటలు గల్లంతు.

పొద్దున ఆరింటికి మళ్ళీ ఊళ్ళన్నీ లేస్తాయి కదా, అందుకని రాత్రంతా ఎలాగో ఒకలా వెలిగించి ఉంచాల్సిందే. ఆ మిగులు కరెంటుతో ఎక్కడో నీళ్ళు పైకి తోడితే అందరికీ మంచిది. మరునాడు సాయంత్రం దీపాల వేళకు ఆ నీళ్ళే వదులుతారు.

మాచర్ల_మిర్చి
ఆదివారం రాత్రి 11:44

గురువు గారూ, ఈ ఒక్క పోస్టుకే పలావు పెట్టించొచ్చు. అయినా నాలుగో వంతు పోతుందంటే మనసొప్పడం లేదు.

పాత_బాయిలర్
ఆదివారం రాత్రి 11:58

నాలుగో వంతుకే అంత బాధపడితే మా బొగ్గు లెక్క విను. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీలకు సమానం. మన సింగరేణి, తాల్చేరు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. పాత మిషన్లలో ఒక యూనిట్ కరెంటుకు ముప్పాతిక కిలో దాకా బొగ్గు పట్టేది. సుమారుగా 2400 కిలోక్యాలరీల వేడి పెట్టి 860 తీసుకుంటున్నాం. మిగతాదంతా ఎక్కడికి? కొంత చిమ్నీ నుంచి, ఎక్కువ భాగం కండెన్సర్ నుంచి కూలింగ్ నీళ్ళలోకి. పాల్వంచలో 2024 ఆగస్టులో కూల్చేసిన ఎనిమిది పాత కూలింగ్ టవర్లు గుర్తున్నాయా? వాటి మీద తెల్లగా లేచేదాన్ని జనం పొగ అనేవాళ్ళు. అది ఆవిరి. మేం పట్టుకోలేక వదిలేసిన వేడి. సింహాద్రిలో ఆ వేడి తియ్యడానికి సముద్రపు నీళ్ళే వాడతారు.

ఇప్పుడొచ్చే 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్లు నయం, నలభై శాతం దాకా లాగుతాయి. ఏది ఏమైనా ఆవిరిని తిరిగి నీళ్ళు చెయ్యకుండా పని జరగదు, ఆ వేడి దండగ తప్పదు. దాంతో పోలిస్తే మీ నీళ్ళ వాళ్ళు మహా పొదుపరులు.

రాత్రి_కరెంటు
సోమవారం ఉదయం 5:50

పాత బాయిలర్ సార్‌కు నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మీ పోస్టు చదివి కాసేపు మంచం మీదనే కూర్చుండిపోయాను.

మీరు చూసిన ఆ ముల్లుకు ఇవతలి కొసన మేము ఉన్నాం సార్. మా ఊరికి త్రీఫేజ్ వారం పగలు, వారం రాత్రి. రాత్రి వంతు వస్తే పదకొండు తర్వాత ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. మా నాన్న టార్చిలైటు, కట్టె పట్టుకొని చేనికి పోయేవాడు. ఆటో స్టార్టర్ పెట్టుకుంటే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది గాని మడవ ఎవరు తిప్పుతారు? కరెంటు రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. మా పక్క చేని ఆయనకు అట్లాగే మడవ దగ్గర పాము కరిచింది. బతికాడు, కాలు మాత్రం మునుపటి లెక్క లేదు.

రాత్రి కరెంటు ఎందుకిస్తారు అంటే మాకు ఎవరూ చెప్పలేదు. మిగిలిపోయింది మాకు పారేస్తున్నారు అనుకునేవాళ్ళం. ఇప్పుడర్థమైంది. రాత్రి మీ బాయిలర్ ఆరిపోకుండా ఉండాలంటే ఎవరో ఒకరు ఆ కరెంటు తినాలి. శ్రీశైలంలో తోడే మిషన్లు వచ్చింది 2001 తర్వాత అనుకుంటా. అంతకుముందు రాత్రిపూట తోడే మిషన్లం మేమే సార్.

పాత_బాయిలర్
సోమవారం ఉదయం 6:25

తమ్ముడూ, నీ మాటకు ఎదురు చెప్పలేను. నువ్వు అన్నది నిజం. లోడ్ కర్వులో రాత్రి పల్లాన్ని వ్యవసాయంతో పూడ్చడం అని పుస్తకాల్లో రాసుకునేవాళ్ళం. ఆ పల్లంలో మీ నాన్నగారు నిలబడ్డారని మాకు ఎవరూ చెప్పలేదు.

సీలేరు_అల్లుడు
సోమవారం ఉదయం 8:10

నేను హైడ్రోలో పనిచేస్తున్నాను. ఎక్కడ అని అడగొద్దు, ఎలాగూ కనిపెడతారు.

మొదట ఒక మాట. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు వచ్చి తొమ్మిది మంది పోయారు. కొండ లోపల పనిచేసే మాలో ఎవరం ఆ పవర్‌హౌస్ గురించి మాట్లాడినా వాళ్ళు గుర్తురాకుండా ఉండరు.

ఇక విషయం. థర్మల్ వాళ్ళకు ఎనిమిది గంటలు పట్టే పని మాకు కొన్ని నిమిషాలు. గేటు తెరిస్తే నీళ్ళు, నీళ్ళు తగిలితే రన్నరు (టర్బైను చక్రం) తిరుగుడు. దీని విలువ దేశమంతటికీ ఒకే ఒక్క రాత్రి తెలిసింది. 2020 ఏప్రిల్ 5, రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆపి దీపాలు పెట్టమన్నారు గుర్తుందా? దేశంలో వాడకం 31 వేల మెగావాట్లకు పైగా పడిపోయింది, మళ్ళీ వెంటనే లేచింది. బొగ్గు మిషన్లు అంత వేగంగా దిగలేవు, ఎక్కలేవు. ముందుగా హైడ్రో యూనిట్లన్నీ ఎక్కించి పెట్టుకుని, లైట్లు ఆగుతుంటే 17 వేల మెగావాట్లకు పైగా నీళ్ళ కరెంటే దించారు. జనం బాల్కనీల్లోంచి లోపలికి వచ్చి స్విచ్చులు వేస్తుంటే మళ్ళీ ఎక్కించారు. ఫ్రీక్వెన్సీ 49.70 కంటే కిందికి, 50.26 కంటే పైకి పోలేదు.

అందరూ దీపాలు చూశారు ఆ రాత్రి. మేం గవర్నర్ (మిషన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) మీటరు చూస్తూ కూర్చున్నాం.

మిర్చి గారూ, మీ పెద్దాయన చెప్పినదాంట్లో ఒక సవరణ. తోడటం ఏడాది పొడుగునా జరిగే పని కాదు. కింద సాగర్లో నీళ్ళు అందాలి, పైన డ్యాంలో చోటు ఉండాలి. వరద రోజుల్లో తోడటం మాటే ఉండదు, వచ్చింది వచ్చినట్టు తిప్పడమే.

ఆ_బావమరిదిని_నేనే
సోమవారం ఉదయం 10:02

మా బావ నాకు లింకు పంపించి "చదువు" అన్నాడు. చదివాను. నేను అన్న నాలుగుకి మూడు లెక్క కరెక్టే అని మాస్టారే ఒప్పుకున్నారు, అది గమనించాలి.

అయినా నాకో అనుమానం. రాత్రి కరెంటు మిగిలేది పాత సంగతి. ఇప్పుడు ఎటు చూసినా సోలార్ ప్యానెల్సే. మరి రాత్రి ఏం మిగులుతుంది?

లెక్కల_మాస్టారు
సోమవారం మధ్యాహ్నం 1:15 (భోజన విరామం)

మంచి ప్రశ్న. పెద్దాయన మాట అక్కడే పాతబడింది.

ఒక చిన్న సంగతి ముందు చెప్పాలి. ఫారడే 1831లో చూపించిందేమిటంటే, తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని. అప్పటి నుంచి ఇప్పటిదాకా మన కరెంటు కథంతా ఆ తిప్పుడు ఎవరు తిప్పాలన్నదే. బొగ్గు తిప్పదు, బొగ్గు కాచిన ఆవిరి తిప్పుతుంది. అణువిద్యుత్ అంటే పిల్లలు ఏదో మాయ అనుకుంటారు, అదీ నీళ్ళు కాచడమే, పొయ్యి వేరు. గ్యాసు, గాలి, నీళ్ళు అన్నీ తిప్పేవే.

సోలార్ ప్యానెల్ ఒక్కటే ఏమీ తిప్పదు. వెలుగు తగిలితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు కదులుతాయి, డీసీ కరెంటు వస్తుంది, దాన్ని ఇన్వర్టర్ ఏసీగా మారుస్తుంది. కదిలే భాగమే లేదు. చవక, శబ్దం లేదు, పొగ లేదు. ఒకే చిక్కు. మనం పిలిచినప్పుడు రాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిలవకపోయినా వస్తుంది, దీపాలు పెట్టే వేళకు చెప్పకుండా పోతుంది. పాణ్యం దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు ఉన్నా రాత్రి ఏడింటికి అక్కడి నుంచి ఒక బల్బుకు కూడా రాదు.

కాబట్టి ఇప్పుడు మిగులు తిరగబడింది. ఎండ రోజుల్లో మధ్యాహ్నం మిగులు, సాయంత్రం ఏడు నుంచి కటకట. తోడే పని మధ్యాహ్నానికి మార్చుకుంటేనే గిట్టుబాటు.

మిర్చి గారు బీకాం కదా, మీకు అర్థమయ్యే భాషలో: పవర్ ఎక్స్ఛేంజిలో మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయలకు దొరికి, అదే రోజు సాయంత్రం పది రూపాయల గరిష్ఠ ధర తాకిన రోజులున్నాయి. నాలుగు యూనిట్లు ఎనిమిది రూపాయలకు కొని తోడారు. మూడు యూనిట్లు ముప్పై రూపాయలకు అమ్మారు. యూనిట్లలో నష్టం. రూపాయల్లో?

మాచర్ల_మిర్చి
సోమవారం మధ్యాహ్నం 1:22

ఇది ముందే చెప్పి ఉంటే రాత్రి ఒంటిగంట దాకా మేలుకునేవాణ్ణి కాదు కదా మాస్టారూ!! కోల్డ్ స్టోరేజీ మిర్చి వ్యాపారమే ఇది. తరుగు పోతుంది, అద్దె కడతాం, అయినా రేటు వచ్చినప్పుడు అమ్ముతాం.

కాకినాడ_కాజా
సోమవారం మధ్యాహ్నం 3:40

సోలార్ మాట వచ్చింది కాబట్టి నా గోడు. పోయినేడు మేం డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టించుకున్నాం. సూర్యఘర్ పథకంలో 78 వేలు సబ్సిడీ వచ్చింది, అక్కడిదాకా సంతోషమే. మొన్న ఎండాకాలం పట్టపగలు కరెంటు పోయింది. పైన ప్యానెల్సు ఎండలో ధగధగలాడుతున్నాయి, కింద ఫ్యాను తిరగదు! పెట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే "అంతే మేడం" అని పెట్టేశాడు. మోసపోయానా?

ఇంకోటి. మే నెలలో మండే ఎండ కదా, ఎక్కువ యూనిట్లు వస్తాయనుకున్నాను. మార్చిలోనే ఎక్కువ వచ్చాయి. అదేంటి?

పాత_బాయిలర్
సోమవారం సాయంత్రం 4:30

మోసం కాదమ్మా. ముందే చెప్పకపోవడం మాత్రం వాళ్ళ తప్పు.

లైను పోయినప్పుడు లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశామన్న అనుమతి) తీసుకుని, లైను చచ్చిందనే నమ్మకంతో ఎక్కుతాడు. అదే సమయంలో మీ డాబా మీది కరెంటు వెనక్కి ఆ లైనులోకి వస్తే? అందుకే గ్రిడ్డు పోగానే మీ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా చేస్తారు. పైగా అది గ్రిడ్డు తాళం విని దానికి తగ్గట్టు పాడే రకం. తాళం ఆగితే పాట ఆగుతుంది. కరెంటు పోయినప్పుడూ నడవాలంటే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, దాని ఖర్చు వేరే.

మే నెల సంగతి: ప్యానెల్‌కు కావాల్సింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి సుమారు 0.3, 0.4 శాతం తగ్గుతుంది. మేలో ప్యానెల్ ఒళ్ళు 60 డిగ్రీలు దాటుతుంది. దుమ్ము కూడా చూసుకోండి, వారానికోసారి పొద్దున్నే కడగండి. మిట్టమధ్యాహ్నం కాలే అద్దం మీద చన్నీళ్ళు పొయ్యొద్దు.

కాకినాడ_కాజా
సోమవారం సాయంత్రం 4:41

లైన్‌మన్ సంగతి నాకు తట్టనే లేదు బాబాయ్ గారూ. థాంక్స్. మా వైపు గ్యాస్ పవర్ ప్లాంట్లు కడుతున్నప్పుడు ఊరు మారిపోతుందన్నారు. ఇప్పుడు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. అవి కూడా త్వరగా ఆన్ అవుతాయి కదా?

పాత_బాయిలర్
సోమవారం సాయంత్రం 4:52

అవుతాయి. బొగ్గుకంటే చాలా త్వరగా, పొదుపుగా కూడా. కేజీ బేసిన్ డీ6 గ్యాస్ 2009లో మొదలై, ఏడాది రెండేళ్ళకే తగ్గుముఖం పట్టింది. పొయ్యి కట్టాక కట్టెలు అయిపోయాయి.

హ్యూస్టన్_గోంగూర
సోమవారం రాత్రి 7:15

ఇక్కడ నుంచి ఒక అనుభవం. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను. మా ఇంట్లో రెండు రోజులు కరెంటు లేదు, పిల్లలకు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసి కారులో హీటర్ దగ్గర కూర్చోబెట్టాం. ఇక్కడి గ్రిడ్డు 60 హెర్ట్జ్. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున అది 59.4 కంటే కిందికి పడి నాలుగు నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉందట. తొమ్మిది నిమిషాలు అలాగే ఉంటే జనరేటర్లు వాటంతట అవి విడిపోయి రాష్ట్రం మొత్తం చీకటి అయ్యేది. గ్యాస్ పైపులు, బొగ్గు ప్లాంట్లు, గాలిమరలు, ఒక అణు యూనిట్ కూడా చలికి దెబ్బతిన్నాయి.

టెక్సాస్ గ్రిడ్డు మిగతా అమెరికా నుంచి దాదాపు విడిగా ఉంటుంది. పక్కవాళ్ళ నుంచి తెచ్చుకోవడానికి దారి చాలా సన్నం. మన దగ్గర అలా లేదు కదా?

సీలేరు_అల్లుడు
సోమవారం రాత్రి 8:05

ఒకప్పుడు మనమూ అంతే అన్నా. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిలో గ్రిడ్డు కూలి కోట్లమంది చీకట్లో ఉంటే మన దక్షిణాదిలో దీపం ఆరలేదు. మన గ్రిడ్డు వాళ్ళతో ఒకే తాళంలో ఉండేది కాదు. గాజువాక లాంటి చోట్ల డీసీగా మార్చి ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. వాళ్ళ కుదుపు మనకు తగల్లేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో కలిపేశారు. ఇప్పుడు కాశ్మీరులోని జనరేటరూ కన్యాకుమారిలోని జనరేటరూ ఒకే లయలో తిరుగుతాయి. లేమిలో సాయం దొరుకుతుంది, కుదుపొస్తే అందరికీ వస్తుంది.

నిర్వాహకుడు
సోమవారం రాత్రి 8:30

శ్రీశైలం 854 అడుగులు, 834 అడుగులు అంటూ మొదలైన ఆరు పోస్టులు తీసేశాను. ఏ రాష్ట్రం ఎవరి నీళ్ళతో కరెంటు తీసిందన్న గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడ 400 పోస్టులు దాటాయి, అక్కడికే వెళ్ళి కొట్టుకోండి. ఇక్కడ కరెంటు మాత్రమే.

ఆ_బావమరిదిని_నేనే
సోమవారం రాత్రి 8:48

నీళ్ళ గొడవ లేకుండా చేసే దారి లేదా? నదితో సంబంధం లేకుండా రెండు చెరువులు కట్టుకుని పైకీ కిందికీ తిప్పుకోవచ్చు కదా?

లెక్కల_మాస్టారు
సోమవారం రాత్రి 9:20

పిన్నాపురంలో కట్టింది అదే. పాణ్యం పక్కనే, 1680 మెగావాట్లు. గుట్ట మీద ఒక జలాశయం, కింద ఒకటి. ఒకసారి నింపుకున్న నీళ్ళే తిరుగుతుంటాయి, ఆవిరైపోయినంత మట్టుకు కొత్తగా పోసుకోవాలి. పక్కనే సోలార్, గాలి. బ్యాటరీలు కూడా చవకవుతున్నాయి కాబట్టి రెండింటికీ పోటీ ఉంటుంది. నా మటుకు నాకు నీళ్ళ మీదే నమ్మకం. బ్యాటరీ పన్నెండు, పదిహేనేళ్ళకు ముసలిదవుతుంది. గుట్ట ముసలిదవ్వదు. అయితే ఆ చెరువుల కింద ఎవరి భూమి పోయింది, గొర్రెలు ఎక్కడ మేస్తాయి అన్నది కూడా లెక్కలో రాయాలి. అది మా సబ్జెక్టు కాదని తప్పించుకోలేం.

మిర్చి గారూ, పందెం సంగతి: తోడతారన్నది మీ గెలుపు. నాలుగుకు మూడు అన్నది, రాత్రి కాదన్నది మీ బావమరిది గెలుపు. చెరి సగం ఖర్చు. మాకు మాత్రం పూర్తి పలావు.

రాత్రి_కరెంటు
మంగళవారం ఉదయం 6:10

మా దగ్గర ఇప్పుడు పగటిపూటే తొమ్మిది గంటలు ఇస్తున్నారు. ఎందుకు మార్చారో మాస్టారి పోస్టుతో తెలిసింది, ఎండ కరెంటు తినేవాళ్ళు కావాలి కాబట్టి. మళ్ళీ మేమే, కాకపోతే ఈసారి వెలుతురులో. మా కొండల మీద గాలిమరలు ఆషాఢం, శ్రావణంలో గిర్రున తిరుగుతాయి, మాఘంలో మాతోపాటు ఊరికే నిలబడి ఉంటాయి.

నిన్న రాత్రి ఈ చర్చంతా మా నాన్నకు చదివి వినిపించాను. ఆయనకు 74 ఏళ్ళు. మెగావాట్లు వచ్చినప్పుడు కునుకు తీశాడు, రాత్రి వాన పడి మీటరు ముల్లు లేచిన కాడ లేచి కూర్చున్నాడు. "ఆ వాన నాకు గుర్తుంది" అన్నాడు. ఏ వాన నాన్నా అంటే చెప్పడు. ఆఖర్న ఒకటే అడిగాడు. సీలేరు అల్లుడు గారూ, మీరే చెప్పాలి. శ్రీశైలంలో రాత్రిపూట నీళ్ళు తోడేవాళ్ళకు పాముల భయం లేదా అంట.

సీలేరు_అల్లుడు
మంగళవారం ఉదయం 7:02

ఉంది పెదనాన్నా. నల్లమల కదా. టార్చిలైటు మేమూ పట్టుకునే పోతాం.